రామచిలుక, పెద్దచిలుక: కృష్ణా పడమటి డెల్టా నుంచి ఒక పోలిక

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో చిలుక అన్నా రామచిలుక అన్నా జనానికి మెదిలేది ఒకటే పిట్ట. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి వంకీ ముక్కు, పొడుగు తోక. పక్షిశాస్త్రం లెక్కలో ఈ గుర్తులు రెండు జాతులకు సరిపోతాయి. ఒకటి ఊరి చిలుక. పొలం గట్టు మీద, గుడి గోపురంలో, కాలేజీ ఆవరణలో, తాటిమోడు మీద కనిపించేది అదే. రెండోది అడవి చిలుక. అది అడుగున్నర పైబడి పొడుగుంటుంది, దాని భుజాన ఎర్రమచ్చ ఉంటుంది. మొదటిదానికి ఈ వ్యాసంలో వాడుక పేరు రామచిలుకే ఉంచి, రెండోదాన్ని పెద్దచిలుక అందాం. డెల్టాలో పుట్టి పెరిగిన మనిషి మొదటిదాన్ని రోజూ చూస్తాడు. రెండోదాన్ని చూసి ఉంటే చాలావరకు పంజరంలోనే చూసి ఉంటాడు. ఈ తేడాకు కారణం చెట్టు తొర్రల్లో ఉంది.

పేర్లు, వర్గీకరణ

రామచిలుక శాస్త్రీయ నామం సిట్టాక్యులా క్రామెరి. 1769లో స్కోపోలి ఈ జాతిని వర్ణించి, ఆస్ట్రియాలో పనిచేసిన ప్రకృతి శాస్త్రవేత్త విల్‌హెల్మ్ హైన్రిష్ క్రామెర్ పేరు పెట్టాడు. పెద్దచిలుక సిట్టాక్యులా యూపాట్రియా. దాన్ని లిన్నేయస్ 1766లో, అంటే మూడేళ్లు ముందుగా, వర్ణించాడు. ఇంగ్లిషు వాడుకలో ఈ పెద్దచిలుకకు అలెగ్జాండర్ పేరు అంటుకుంది. పంజాబు నుంచి తిరిగి వెళ్తూ ఆ చక్రవర్తి మనుషులు దీన్ని గ్రీసుకు తీసుకుపోయారని నమ్మకం. అంతకు ముందే, క్రీ.పూ. 400 ప్రాంతంలో, పారశీక ఆస్థానంలో వైద్యుడిగా ఉన్న గ్రీకు దేశస్థుడు క్టేసియాస్ భారతదేశపు మాట్లాడే పక్షి గురించి రాశాడు. అది తన దేశపు భాష మాట్లాడుతుందనీ, గ్రీకు నేర్పితే గ్రీకూ మాట్లాడుతుందనీ అతని మాట. చిలుక గురించి బయటి దేశాలవాళ్లు రాసిన తొలి రాతల్లో ఇదొకటి. అతను వర్ణించిన రంగులు చూస్తే అది ఈ రెండింటిలో ఏదీ కాక, రేగుపండు రంగు తల ఉన్న మూడో జాతి అయి ఉండొచ్చని పండితులు చాలామంది అంటారు.

ఈ మధ్య కొందరు వర్గీకరణవేత్తలు సిట్టాక్యులా అనే పాత ప్రజాతిని ముక్కలు చేసి, ఈ రెండు చిలుకలనూ వేర్వేరు ప్రజాతుల్లో పెట్టారు. అందరూ ఇంకా ఒప్పుకోలేదు. పాత పుస్తకాల్లో ఒక పేరు, కొత్త జాబితాల్లో మరో పేరు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, పిట్ట అదే.

ఈ రెండు జాతుల్లోనూ ఉపజాతులున్నాయి. రామచిలుక ఉపజాతులు నాలుగు. రెండు ఆఫ్రికావి, రెండు మన ఉపఖండానివి. దక్షిణ భారతానికి, శ్రీలంకకు చెందినది మానిల్లెన్సిస్. ఉత్తరాదిది బొరియాలిస్. మన వైపు చిలుకను గుర్తు పట్టడానికి ఒక చిన్న ఆనవాలుంది. దాని పైముక్కు ఎర్రన, కిందిముక్కు నల్లన. ఉత్తరాది చిలుకకు కిందిముక్కులోనూ ఎరుపు ఉంటుంది. పెద్దచిలుక మూల ఉపజాతి తూర్పు భారతం నుంచి ఆంధ్ర మీదుగా శ్రీలంక దాకా ఉన్నది. ఉత్తరాదికి, నేపాలుకు, అండమానుకు, బర్మాకు, థాయ్‌లాండ్‌కు వేరే ఉపజాతులున్నాయి. అంటే పటం మీద చూస్తే రెండు జాతులూ మన రాష్ట్రానివే. మన డెల్టాలో మాత్రం ఒకటే స్థిరపడింది.

19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1862–64లో వచ్చిన తన ‘భారతదేశపు పక్షులు’ గ్రంథంలో పక్షుల తెలుగు పేర్లు కూడా సేకరించి పొందుపరిచాడు. కోస్తా జిల్లాల పిట్టల పేర్లు అచ్చులోకి ఎక్కడానికి ఆయన శ్రమ ఒక కారణం.

ఎలా గుర్తు పట్టాలి

కొలతతో మొదలుపెడితే రామచిలుక ముక్కు కొన నుంచి తోక కొన దాకా సుమారు 40 సెంటీమీటర్లు, అందులో సగానికి పైగా తోకే. బరువు 100 నుంచి 140 గ్రాములు, అంటే రెండు కోడిగుడ్ల బరువు కంటే కాస్త ఎక్కువ. పెద్దచిలుక 53 నుంచి 58 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బరువు 200 నుంచి 300 గ్రాములు. పొడుగులో తేడా సగం కూడా లేదు గానీ బరువులో రెండింతలు. అందుకే పక్కపక్కన పెడితే రామచిలుక సన్నగా, పెద్దచిలుక బొద్దుగా, ముక్కు మోయలేనంత బరువుగా కనిపిస్తుంది. పెద్దచిలుక ముక్కు రెండు దవడలూ ఎర్రవే, కొన పసుపు. ఆ ముక్కును ఒకసారి దగ్గరగా చూసినవారు మళ్లీ పొరబడరు.

మెడలో కంటె రెండు జాతుల్లోనూ మగపిట్టకే ఉంటుంది. రామచిలుక పోతుకు గడ్డం కింద నల్లటి గీత, మెడ వెనక గులాబీ కంటె. పెట్టకు ఆ నగ లేదు. పిల్లలన్నీ పెట్టల్లాగే ఉంటాయి, పోతుపిల్లకు కంటె రావడానికి మూడేళ్లు పడుతుంది. ఒక గుంపులో కంటె ఉన్నవి తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. కంటె లేనివన్నీ ఆడవి కావు, కొన్ని ఇంకా ఎదగని మగవి. పెద్దచిలుక పోతుకు కూడా నల్లగీత, గులాబీ పట్టీ ఉన్నాయి. కాబట్టి కంటెను బట్టి జాతి తేల్చలేం, ఆడా మగా మాత్రమే తేల్చగలం.

జాతిని తేల్చేది భుజం. పెద్దచిలుక రెక్క పైభాగంలో, భుజం దగ్గర, వెడల్పాటి ముదురెరుపు మచ్చ ఉంటుంది. పోతుకూ పెట్టకూ రెండింటికీ ఉంటుంది. రామచిలుకకు అసలు ఉండదు. కంటె కోసం చూసేవాడు పెట్టల దగ్గర తడబడతాడు. భుజం చూసేవాడికి ఆ ఇబ్బంది లేదు.

ఎగిరేటప్పుడు రంగు కనబడనప్పుడు చెవిని నమ్ముకోవాలి. రామచిలుక అరుపు సన్నగా, గురి తప్పని బాణంలా ‘కీ, కీ’ అంటూ పోతుంది. పెద్దచిలుకది బొంగురు గొంతు, లోతైన ‘క్రీ-యార్’. రామచిలుక రెక్కలు గబగబా కొట్టుకుంటూ కొబ్బరితోట మీదుగా దూసుకుపోతుంది. పెద్దచిలుక రెక్కలు నిదానంగా, బలంగా కొడుతుంది.

పచ్చరంగు లేని పచ్చదనం

చిలకపచ్చ అనే మాటను మనం చీరలకు, గోడలకు, పల్లె బస్సులకు కూడా వాడేశాం. ఆ రంగు పుట్టిన చోట ఆకుపచ్చ రంగు పదార్థం ఏదీ లేదంటే నమ్మడం కష్టం. చిలుక ఈకలో పసుపు పదార్థం ఉంది, ఈక లోపలి సన్నటి నిర్మాణం వెలుగును చెదరగొట్టి నీలం పుట్టిస్తుంది. పసుపూ నీలమూ కలిసి మన కంటికి పచ్చ. చిలుక ఈకల్లోని ఎరుపు, పసుపు పదార్థాలు చిలుకల కుటుంబంలో తప్ప మరే పక్షిలోనూ దొరకవు.

దీన్నిబట్టి పెంపుడు చిలుకల దుకాణాల్లో కనిపించే పసుపు చిలుక, నీలి చిలుక ఏమిటో తెలుస్తుంది. నల్లపదార్థం తయారుకాని పిట్టలో వెలుగును చెదరగొట్టే పని చెడి పసుపు మిగులుతుంది. పసుపు పదార్థం తయారుకాని పిట్టలో నీలం మిగులుతుంది. ఇవి కొత్త జాతులు కావు, పుట్టుకలో వచ్చిన మార్పులు. అరుదైన జాతి పేరు చెప్పి ధర పెంచేవారి మాటలు వినేముందు ఈ విషయం గుర్తుంటే మంచిది.

నేల, చెట్టు, ఊరు

ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ నుంచి విడిపోయి వచ్చే పడమటి కాలువల కింద ఉన్న దేశం ఇది. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక, 1957లో బ్యారేజి వచ్చాక ఇక్కడి నేల రూపు మారింది. తెనాలి పట్టణం మధ్యలోంచి మూడు కాలువలు పోతాయి. పొలాలు వరివి, గట్లు తాటిచెట్లవి. కృష్ణ ఒడ్డున లంకల్లో అరటి, జామ. రేపల్లె దాటాక నేల ఉప్పగా మారి, నిజాంపట్నం వైపు మడఅడవులు మొదలవుతాయి. బాపట్ల నుంచి సూర్యలంక వైపు ఇసుకనేల, సరుగుడు తోటలు, జీడిమామిడి. కొండ అన్నది లేదు. తెనాలి నుంచి రేపల్లెకు వెళ్లే బ్రాంచి లైను ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుంటే ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. 34 కిలోమీటర్ల దారిలో చెయ్యెత్తు గుట్ట కూడా అడ్డురాదు.

ఇలాంటి దేశంలో రామచిలుక రాజ్యం చేస్తుంది. మొదట ఇదీ పొడి అడవుల, తుప్పల పిట్టే. మనిషి అడవిని పొలంగా మార్చాక, కొన్ని పిట్టల్లాగే ఇదీ మనిషి వెంట వచ్చి పంట మధ్యలో స్థిరపడింది. కాలువగట్ల మీద నిద్రగన్నేరు చెట్లు, గుళ్ల దగ్గర రావి, మర్రి, ఇళ్ల మధ్య వేప, బాపట్లలో 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల లాంటి పాత ఆవరణల్లో పెద్ద చెట్లు దానికి చాలు. సాయంత్రం అయ్యేసరికి గుంపులు గుంపులుగా వచ్చి ఒకే తోటలో చేరి, చీకటి పడేదాకా గొడవ చేస్తాయి. పెద్ద గుంపుల్లో వేలూ ఉండొచ్చు.

పెద్దచిలుక ఆ దారి పట్టలేదు. అది ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు కనుమల అడవుల పిట్ట. ఈ మూడు ఊళ్ల నుంచి అడవి అనదగ్గది చూడాలంటే పడమరగా పల్నాడు దాటి నల్లమల వైపు పోవాలి. ఆ అడవుల్లో పైన చెప్పిన రేగుపండు తల చిలుక కూడా ఉంది, 33 సెంటీమీటర్ల చిన్నది. పోతు తల ఎరుపు ఊదా కలిసిన రంగు, పెట్టది బూడిద రంగు. పొలాల మధ్య ఊళ్లలో పెద్దచిలుక ఎగురుతూ కనిపిస్తే పంజరం తప్పించుకున్నదేమో అని ముందు అనుమానించడం మంచిది.

మడఅడవి కూడా అడవే కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజాంపట్నం మడలో కొంగలు, ఉల్లంకులు, లకుముకిపిట్టలు తిరుగుతాయి. కానీ గూడు కట్టని చిలుకకు లోతైన తొర్ర కావాలి. మడచెట్లు అంత లావెక్కవు.

తొర్ర సంగతి

చిలుక గూడు కట్టదు. చెట్టు తొర్రలో, గోడ కంతలో గుడ్లు పెడుతుంది. పుల్లా పుడకా పరచడం కూడా ఉండదు, తొర్ర అడుగున రాలిన చెక్కపొడి మీదే పెడుతుంది. వడ్రంగిపిట్ట, కంసాలిపిట్ట తొలిచి వదిలేసిన కంతను ముక్కుతో కొరికి పెద్దది చేసుకోవడం దాని అలవాటు. కొన్నిసార్లు మెత్తబడిన మోడును తానే తొలుస్తుంది. దక్షిణాదిలో రామచిలుక గూటికాలం డిసెంబరు చివర్లో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది. గుడ్లు తెల్లనివి, సాధారణంగా నాలుగైదు. తొర్ర చీకట్లో దాక్కునే గుడ్డుకు మచ్చల అవసరం లేదు. మూడు వారాలు పైబడి పొదిగితే పిల్లలవుతాయి. గుడ్లన్నీ ఒకరోజు పెట్టవు కాబట్టి పిల్లలూ ఒకరోజు పుట్టవు. ఒకే గూటిలో ఒక పిల్లకు ఈకలు వచ్చేసి ఉంటాయి, ఇంకోదానికి కళ్లు కూడా తెరుచుకోవు. ఆరేడు వారాలకు ఎగురుతాయి. పొదిగేది ప్రధానంగా పెట్టే, ఆ రోజుల్లో దానికి మేత తెచ్చి నోటికి అందించేది పోతు. మిగతా ఏడాదంతా పెట్టదే పైచేయి.

పెద్దచిలుకకు గుడ్లు తక్కువ, రెండు నుంచి నాలుగు. పొదిగే కాలం ఎక్కువ, 24 నుంచి 28 రోజులు. పిల్లలు గూడు వదిలాక కూడా మూడు నాలుగు నెలల వయసు వచ్చేదాకా తల్లిదండ్రుల మీదే ఆధారపడతాయి. ఏడాదికి తక్కువ పిల్లలు, ఆలస్యంగా తేరుకునే పిల్లలు. అందుకే గూటిని దోచుకుంటే ఆ లోటు పూడడం రామచిలుక కంటే దీనికే కష్టం.

అన్నిటికంటే అసలు తేడా కొలతది. 200 గ్రాములు దాటిన పిట్ట, దాని తోక, దాని మూడు పిల్లలు ఇరుక్కోకుండా ఉండాలంటే తొర్ర లోతుగా, వెడల్పుగా ఉండాలి. అంత తొర్ర చిన్న చెట్టుకు పడదు. అందుకు చెట్టు ముసలిదవ్వాలి, కొమ్మ విరగాలి, లోపల పుచ్చాలి. అడవిలో చెట్టుకు ఆ వయసు రానిస్తారు. డెల్టాలో చెట్టుకు వయసొచ్చేలోపే ఇటుకబట్టీకి పోతుంది, లేకపోతే రోడ్డు వెడల్పులో పోతుంది. రామచిలుకకు ఆ లోటు తాటిమోడు తీరుస్తుంది. మొవ్వు విరిగి తలపోయిన తాటిచెట్టు నాలుగైదేళ్లు నిలబడి లోపల మెత్తబడుతుంది. పైనుంచి చూస్తే పొయ్యిగొట్టంలా ఉంటుంది. చిలుక దంపతులకు అది మేడ.

ఈ మోడులు తుపానుల కానుక అనొచ్చు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు ఈ తీరాన్నీ తుడిచిపెట్టింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ప్రతి పెద్ద గాలివాన తర్వాత తల తెగిన తాళ్లు మిగులుతాయి. రైతుకు అది నష్టం. రెండు మూడేళ్ల తర్వాత చిలుకకు ఇల్లు.

ఇక్కడ ఒక చిన్న విచిత్రం చెప్పాలి. పెళ్లయిన కొత్తజంటను చిలకా గోరింకలతో పోల్చడం మన ఆచారం. నిజానికి చిలుకకూ గోరింకకూ ఒకే కంత మీద కన్ను. రెండూ తొర్రల్లోనే గుడ్లు పెడతాయి. జనవరిలో తాటిమోడు దగ్గర అరగంట నిలబడితే ఆ జంట సంసారం ఎంత గొప్పదో కనిపిస్తుంది. పొడుచుకుంటాయి, ఈకలు పీక్కుంటాయి, ఒకటి లోపలికి పోతే ఇంకొకటి గుమ్మంలో కాపు కాస్తుంది. ఆ పోలిక మొదట కల్పించినవారు పిట్టల్ని చూసి కల్పించారో, పెళ్లిళ్లను చూసి కల్పించారో తెలియదు.

మేత, పంట, వడిసెల

చిలుక కాలి వేళ్లు రెండు ముందుకు, రెండు వెనక్కు. అందుకే కొమ్మను గట్టిగా పట్టుకోగలదు, ఇంకో కాలితో కాయను ఎత్తి నోటికి అందించుకోగలదు. పిట్టలన్నిటిలో చేత్తో తిన్నట్టు తినేది ఇదొక్కటే అనిపిస్తుంది. చాలా చిలుకలు ఎడమకాలినే వాడతాయి. పైముక్కు కపాలానికి గట్టిగా అతుక్కుని ఉండక తలుపురెక్కలా కదులుతుంది, అందుకే గింజను పగలగొట్టే బలం అంత.

వేపపళ్లు, రావిపళ్లు, సీమచింతకాయలు, బూరుగపూల తేనె, చింత, కంది, జొన్న, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు. రామచిలుక తినని గింజ అరుదు. మిరపకాయ కూడా తింటుంది, కళ్లలో నీళ్లు రావు. మిరపకు కారం ఇచ్చే కాప్సైసిన్‌ పక్షుల నరాలకు తెలియదు. గుంటూరు మిరప పండించే దేశంలో పుట్టిన మనిషికి లేని సౌకర్యం ఇది. మొక్క వైపు నుంచి చూస్తే లాభమే. గింజను నమిలి పాడుచేసే జంతువు దూరంగా పోతుంది, మింగి మోసుకుపోయే పిట్ట దగ్గరకొస్తుంది. చిలుక మాత్రం గింజను కొరికి తినే రకం కాబట్టి, మిరప దాని విషయంలో కొంత మోసపోయినట్టే.

జామతోటలో చిలక కొట్టిన కాయ తియ్యగా ఉంటుందనేది ఊరి నమ్మకం. అది తప్పు కాదు, పండిన కాయనే అది ఎంచుకుంటుంది. చిలుక పొడిచినందువల్ల కాయ తియ్యనవదు, తియ్యనైనందువల్ల చిలుక పొడుస్తుంది. పిల్లలకు ఈ తేడా అక్కర్లేదు, వాళ్లు కాయ కోసం పరుగెత్తుతారు. రైతుకు కోపం వేరే కారణానికి వస్తుంది. ఒక కాయ తిని ఊరుకోదు, ఒకటి కొరికి పారేసి రెండోదాన్ని కొరుకుతుంది. కడుపుకు పోయిన దానికంటే నేలపాలయ్యేది ఎక్కువ.

తెనాలి, బాపట్ల చుట్టుపక్కల వరి కోసిన చేలో దుక్కి లేకుండా మొక్కజొన్న, జొన్న విత్తడం ఉంది. డిసెంబరులో, జనవరిలో విత్తిన పంట ఫిబ్రవరి, మార్చికి పాలకంకి దశకు వస్తుంది. సరిగ్గా అప్పుడే తొర్రలో చిలుకపిల్లలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. పిట్టకు చేలో గింజ కాక మరేం కనిపిస్తుంది? మంచె మీద కూర్చుని వడిసెల తిప్పడం, డబ్బా కొట్టడం, ఎర్రగుడ్డలు కట్టడం పాత పద్ధతులు. గాలికి మెరిసే రిబ్బన్లు కట్టడం కొత్తది. మొక్కజొన్నలో గట్టు వరసల కండెలను ఆ మొక్క ఆకులతోనే చుట్టేయడం తేలిక ఉపాయం, ఖర్చు కూడా లేదు. ఎందుకంటే చిలుకలు ముందు గట్టు వరసల మీదే వాలతాయి. పగలంతా కాపలా ఉండలేని రైతు తెల్లవారగానే ఒకసారి, పొద్దు వాలేముందు ఒకసారి వెళ్లినా నష్టం తగ్గుతుంది. అవి మేసే సమయాలు అవే.

అడవిలోని పెద్దచిలుక మేత ఇదే తరహాది, అడవి పళ్లు, గింజలు, పూలు. అడవి అంచు తోటల్లో, చేలల్లో అదీ నష్టం చేస్తుంది. సంఖ్య తక్కువ కాబట్టి రైతు నోట తిట్టు తక్కువ.

దేశాలు దాటిన చిలుక

రామచిలుక సత్తా తెలియాలంటే యూరప్ చూడాలి. పెంపుడు పిట్టలుగా పోయి, పంజరాలు దాటి, లండన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో, జర్మనీలోని రైన్ నది ఊళ్లలో మంచు పడే చలికాలంలో కూడా అవి బతుకుతున్నాయి. బ్రస్సెల్స్‌లో 1974లో ఒక జంతుప్రదర్శనశాల వదిలిపెట్టిన కొన్ని పిట్టల సంతతే నేటి వేల గుంపు. యూరప్ చిలుకల పూర్వీకులు ఎక్కువగా పాకిస్తాన్, ఉత్తర భారత ప్రాంతాలవని జన్యు పరిశోధనలు చెప్పాయి. మన వైపువి వాటికి దాయాదులు. స్పెయిన్‌లోని సెవిల్లెలో ఒక పార్కులో ఇవి తొర్రల కోసం అరుదైన పెద్ద గబ్బిలాల మీద పడి చంపిన సంఘటనలు నమోదయ్యాయి. తాటిమోడు దగ్గర గోరింకతో పడే తగాదా అక్కడ వేరే పిట్టలతో, వేరే జంతువులతో.

పెద్దచిలుక కూడా ఇస్తాంబుల్‌లో, జర్మనీ, బెల్జియం పట్టణాల్లో చిన్న గుంపులుగా స్థిరపడింది. అయితే ప్రపంచ లెక్కలో దాని కథ తలకిందులు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం జాబితాలో రామచిలుకది ‘భయం లేదు’ అనే వర్గం, పెద్దచిలుకది ‘ముప్పుకు చేరువ’ అనే వర్గం. ఆవాసం కుదించుకుపోవడం ఒక కారణం, పంజరం వ్యాపారం రెండో కారణం.

పంజరం

చిలుక మాట్లాడుతుంది కాబట్టి మనిషికి అది కావాలి. ‘చిలక్కి చెప్పినట్టు చెప్పాను’ అంటే ఎన్నిసార్లు చెప్పారో అర్థమవుతుంది. పెద్దచిలుక గొంతు బలంగా, పలుకు స్పష్టంగా ఉంటుందని పెంపకందారుల నమ్మకం. దాంతో దానికి గిరాకీ ఎక్కువ. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గూళ్ల నుంచి పిల్లల్ని తీసి అమ్మేవారు వాటిని అడవి చిలుకలని, కొండ చిలుకలని చెప్పి అమ్ముతారు. ఆ పేరులోనే దొంగతనం ఒప్పుకోలు ఉంది. పిల్లగా ఉన్నప్పుడు రామచిలుకను పెద్దచిలుకగా అమ్మడం తేలిక. అలాంటప్పుడు భుజం రంగు కంటే ముక్కు లావునే నమ్మాలి. అన్నిటికంటే మంచిది అసలు కొనకపోవడం.

పంజరం మీద మన కథల్లో అనుమానం పాతది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉంటుంది. భద్రాచల రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో పన్నెండేళ్లు ఉండడానికి పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టడమే కారణమని ఐతిహ్యం. ఆ లెక్క ప్రకారం రోజుకు ఒక సంవత్సరం. జోస్యం చెప్పేవాడి పెట్టెలో చిలుక రెక్క ఈకలు కత్తిరించుకుని ఏళ్ల తరబడి కార్డులు తీస్తుంది, ఆ ఏళ్ల లెక్క ఎవరు కడతారు? చక్కగా చూసుకుంటే చెరలో చిలుక 20, 30 ఏళ్లు బతుకుతుంది, పెద్దచిలుక ఇంకా ఎక్కువ.

చట్టం మాట సూటిగా ఉంది. రెండు జాతులూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితాలు. దేశీయ పక్షుల వ్యాపారం 1990–91లోనే నిషేధించారు. 2022 సవరణలో చిలుకలు రెండో షెడ్యూలులో ఉన్నాయి, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టడం, కొనడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరాలే. పక్షిశాలల్లో పుట్టిన ఆస్ట్రేలియా, ఆఫ్రికా చిలుకల లెక్క వేరు. ఈ తేడాను చూపించి మన చిలుకనూ అమ్మేసే వారుంటారు.

రామచిలుకకు ఇంకో గౌరవం కూడా దక్కింది. విభజనకు ముందు ఉమ్మడి రాష్ట్రపు పక్షి పాలపిట్ట. విభజన తర్వాత తెలంగాణ పాలపిట్టను ఉంచుకుంది, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్రపక్షిగా, వేపను రాష్ట్రవృక్షంగా ప్రకటించింది. ఈ రెండింటినీ ఎందుకు జత చేశారో ఏ దస్త్రంలోనూ లేకపోవచ్చు గానీ ఇది మంచి జత. వేసవిలో పండిన వేపచెట్టు కింద నిలబడితే రాష్ట్రపక్షి రాష్ట్రవృక్షం మీద భోజనం చేస్తూ కనిపిస్తుంది, గింజలు మన తల మీద రాలుస్తుంది.

డెల్టాలో రామచిలుకకు ప్రభుత్వ చిహ్నం కంటే తొర్ర ముఖ్యం. తోటల్లో, గట్ల మీద ఉన్న తాటిమోడులు, కొబ్బరిమోడులు పనికిరానివని ఏరివేయడం మొదలయ్యాక చిలుకలు గుడి గోపురాలకు, పాతమేడల కంతలకు మళ్లుతున్నాయి. గోపురాలకు సున్నం వేసి కంతలు పూడ్చే పనులు ఎక్కువగా ఉత్సవాల ముందు, అంటే మాఘం నుంచి వైశాఖం దాకా జరుగుతాయి. గూటికాలం అదే. కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ దాకా మోడు కొట్టేముందు, కంత పూడ్చేముందు కాండం మీదా గోడ మీదా గొడ్డలి వెనకతో రెండు దెబ్బలు తట్టి కాసేపు చూడండి. లోపల పెట్ట ఉంటే గుమ్మంలోకి తల బయట పెడుతుంది. తల కనిపిస్తే మే నెల దాకా ఆ పని ఆపండి.